దావో వీధుల్లో రాప్తాడు బేరం

"కేజీ ఎంత పోతాందిరా ఆడ?"

రాప్తాడు రైతు ఒకాయన కొడుకును ఫోన్లో అడిగిన మాట ఇది. కొడుకు ఫిలిప్పీన్స్‌లోని దావోలో డాక్టరు చదువుతున్నాడు. హాస్టలుకు పోయే దారిలో ఒకామె ఉడకేసిన చెనిక్కాయలు అమ్ముతోందని, తింటుంటే ఇంటి మీదికి మనసు పోయిందని చెప్పుకుందామని ఫోన్ చేశాడు. ఈయనకు వాడి బెంగ వినపడలేదు, కాయ మాట వినపడింది.

"కేజీల్లెక్కన ఇయ్యరు నాయనా, గ్లాసుల్లెక్కన పోస్తారు."

"అట్లయితే గ్లాసుకు ఎన్ని కాయలు పడతాండాయో ఎంచి చెప్పు."

వాడు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని బండి దగ్గరే కాయలు ఎంచడం మొదలుపెట్టాడు. కొలతలో తేడా పట్టుకోవడానికే వచ్చాడనుకుందో ఏమో, ఆమె ఒక గుప్పెడు తీసి పొట్లంలో పడేసింది.

"కొసరేసింది నాయనా!"

"అయితే మంచి మనిషే. రోజూ ఆడనే కొను" అని ఆయన తీర్పు చెప్పేశాడు.

అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద 10 కిలోమీటర్లు దాటకముందే వచ్చే ఊరు రాప్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ తిరిగే వాన, దాన్ని నమ్ముకున్న చెనిక్కాయ. ఆ నేల మీద పెరిగిన పిల్లలు వైద్యవిద్య కోసం దావోకో, కిర్గిజ్‌స్తాన్‌లోని బిష్కెక్‌కో పోవడానికి కారణం వేరే చెప్పక్కర్లేదు. ఇక్కడ ప్రభుత్వ సీటు అందదు, ప్రైవేటు ఫీజు మోయలేరు. అప్పు చేసి పోయినవాళ్లకు రూపాయి రూపాయికీ లెక్క ఉంటుంది. ఆ లెక్కతోనే వీధి వ్యాపారుల ముందు నిలబడతారు. సెలవులకొచ్చినప్పుడు వాళ్లు చెప్పే కథల్లో సగం అక్కడ పుట్టినవే.

దావోలో మాట్లాడేది బిసాయా. వయసులో చిన్నవాడైన మగపిల్లవాణ్ణి ముద్దుగా 'దోంగ్' అని పిలుస్తారు. మన చెవికి అది ఎట్లా తగులుతుందో చెప్పనక్కర్లేదు. బంకెరోహన్ సంతలో మామిడికాయ ఒత్తి చూస్తున్న ఒకబ్బాయి, వెనక నుంచి ఆ కేక వినపడగానే కాయ కింద పెట్టేసి, ప్యాంటు జేబులు రెండూ బయటికి లాగి చూపించాడట. అమ్మే ఆమెకు ఏమీ అర్థం కాలేదు. పాపం, డబ్బుల్లేవు కాబోలు అనుకుని ఒక ముక్క కోసి ఊరికే ఇచ్చింది. ఆ ముక్క మీద ఉప్పూకారం బదులు ఊరేసిన రొయ్యల ముద్ద ఉంది. వాడి అవస్థ ఇంకోసారి ఎప్పుడైనా.

పొద్దున్నే "తాహో..." అని రాగం తీస్తూ ఒకాయన వస్తాడు. భుజాన అచ్చం మన కావడి, రెండు వైపులా రెండు అల్యూమినియం బకెట్లు. పెద్దదాంట్లో తెల్లగా, మెత్తగా, వేడివేడిగా సోయాపాల గడ్డ. చిన్నదాంట్లో బెల్లంరంగు పాకం, సగ్గుబియ్యం. పెరుగు కోసం మొహం వాచిన ఒకమ్మాయి ఆ తెలుపు చూసి నిలవలేకపోయింది. పాకం వద్దని చేత్తో అడ్డం పెట్టి, గిన్నె నిండా ఒట్టి గడ్డ పోయించుకుని, గదికి తెచ్చి అన్నంలో కలిపి ఉప్పేసి, పక్కన ఊరుమిరపకాయ పెట్టుకుంది. మొదటి ముద్దకే సంగతి తెలిసింది. అయినా పారేయలేదట. "కండ్లు మూసుకుంటే పెరుగన్నమే" అంటుంది. మర్నాటి నుంచి ఆయన ఆమెను చూడగానే పాకం బకెట్ మీద తనే మూత పెట్టేవాడు. పాకం వేయించుకుందామని ఆమెకు ఎంత ఉన్నా, అడగడానికి మాట రాక మూడు నెలలు చప్పిడిదే తినింది.

చీకటి పడితే "బలూత్" కేక. పిండం కట్టిన బాతుగుడ్డును ఉడికించి గంపలో వేడిగా పెట్టుకుని తిరుగుతారు. తెలియనివాడు మామూలు కోడిగుడ్డే అనుకుంటాడు. పెంకు కొనలో చిల్లు పొడిచి రసం జుర్రుకున్నంత వరకూ బాగానే ఉంటుంది. తర్వాత పెంకు ఒలిస్తే లోపల ముక్కు, కన్ను, ఈకల నూగు. పిండోత్పత్తి శాస్త్రం పాఠం పొద్దున క్లాసులో విన్న కుర్రాడికి అదే రాత్రి ప్రాక్టికల్ కూడా అయిపోయింది. అమ్మినాయన నవ్వుతూ గుడ్డు వెనక్కి తీసుకుని తనే తినేశాడట, డబ్బులు మాత్రం తిరిగివ్వలేదు. ఇందులో ఆయన తప్పేమీ నాకు కనపడదు.

కాల్చిన పుల్లల బండి దగ్గర మాత్రం మనవాళ్లదే పైచేయి. అక్కడ కోడికాళ్లను 'అడిడాస్' అంటారు. తలకాయ 'హెల్మెట్', గడ్డకట్టిన నెత్తురు ముక్కలు 'బేటామాక్స్', పేగులు 'ఇసావ్'. ఇంత చవగ్గా అడిడాసా అని పరుగెత్తినవాళ్లు కోడిగోళ్లు చూసి నిలబడిపోతారు. నార్త్ నుంచి వచ్చిన పిల్లలు కొందరు ముక్కు మూసుకుని దాటిపోతుంటే, రాప్తాడు వైపు పిల్లలు బండి చుట్టూ చేరిపోతారు. తలకాయ, కాళ్లు, బోటి, నల్ల... ఆదివారం పూట మా ఇండ్లలో లేనిదేముంది అందులో?

బిష్కెక్ కథలు వేరే తీరు. అక్కడి డబ్బు సోమ్, మన రూపాయి కొన్నేళ్లుగా ఇంచుమించు సమానంగా ఉన్నాయి. హెచ్చవేతలు లేవు కాబట్టి బేరం గట్టిగా నడుస్తుంది. భాష రాకపోతే క్యాలిక్యులేటర్ ఉంది. ఓష్ బజార్‌లో అమ్మేవాడు అంకె కొట్టి చూపిస్తాడు, మనవాడు చెరిపేసి సగం కొడతాడు, అతను గుండె మీద చెయ్యి పెట్టుకుంటాడు. మాట లేకుండానే నాటకమంతా జరిగిపోతుంది. తెల్లని గుండ్రటి ఉండలు చూసి కొబ్బరిలడ్లు అనుకుని ఒకేసారి నోట్లో వేసుకున్నవాళ్లున్నారు. అవి కురుత్, ఎండబెట్టిన ఉప్పటి పెరుగు ఉండలు, రాయిలా ఉంటాయి. ఇండియా అని తెలిస్తే చాలు, పెద్దవయసు వ్యాపారులు 1982 నాటి 'డిస్కో డాన్సర్' అందుకుంటారు. మిథున్ చక్రవర్తి స్టెప్పు వేస్తే రేటు తగ్గిస్తానన్నాడొకాయన. మనవాడికి మిథున్ తెలియదు, 'నాటు నాటు' వేశాడు. రేటు తగ్గింది, పక్క దుకాణాల వాళ్లూ వచ్చి ఇంకోసారి వేయించారు. 2024 మే నెలలో ఆ నగరంలో విదేశీ విద్యార్థుల మీద దాడులు జరిగినప్పుడు అదే పిల్లలు గది తలుపులు వేసుకుని కూర్చున్నారు. అది కూడా చెప్పుకోవాల్సిందే.

అమెరికా పోయినవాళ్ల దగ్గర ఇలాంటి కథలు తక్కువ. ధర చీటీ అంటించి ఉన్నచోట బేరం ఉండదు, బేరం లేనిచోట కథ ఎక్కడ పుడుతుంది?

ఈ వీధి బేరాల వల్ల చదువుకు ఒరిగేదేమిటని కొట్టిపారేయొద్దు. 2021 నాటి జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం విదేశీ వైద్యవిద్య కనీసం 54 నెలలు, అదీ ఇంగ్లీషు మీడియంలోనే ఉండాలి. ఆపైన అక్కడే ఏడాది ఇంటర్న్‌షిప్. పుస్తకాలు ఇంగ్లీషే, కానీ దావో ఆసుపత్రి మంచం మీది ముసలావిడకు ఇంగ్లీషు రావాలని ఏముంది? నొప్పి ఎన్ని రోజుల నుంచో బిసాయాలోనే అడగాలి. ఆ ప్రశ్న 'పిలా'తో మొదలవుతుంది. సంతలో ధర అడిగేదీ 'పిలా' అనే. చెనిక్కాయల ఆమె దగ్గర రోజూ ఆ మాట వాడిన రాప్తాడు కుర్రాడు వార్డులో తడబడలేదు. గదిలో కూర్చుని యాప్‌లో అన్నీ ఆర్డరు పెట్టుకున్న స్నేహితుడు ఇతణ్ణి వెంటబెట్టుకుని తిరిగాడు.

పిల్లలు సెలవులకొస్తే ఫీజు ఎంత బాకీ ఉంది, ఇక్కడ వైద్యం చేయడానికి రాయాల్సిన స్క్రీనింగ్ పరీక్షలో 300కు 150 వస్తాయా రావా అని అడగడం మామూలే. అడగండి. దానితోపాటు, మీరు రోజూ కొనే ఆ బండామె ఎట్లుంది అని కూడా ఒక మాట అడిగి చూడండి. ఫీజు సంగతికి రెండు ముక్కల్లో జవాబిచ్చినవాళ్లు దీనికి రెండు గంటలు చెబుతారు.