వాడుకరులే నిర్మాతలైన వేళ

కంప్యూటరును కొన్నవారు దానిని తయారుచేసినవారి దయపై ఆధారపడవలసినదేనా? కాదని చరిత్ర చెబుతున్నది.

1955లో అమెరికాలోని లాస్ ఏంజెలెస్ ప్రాంతంలో ఐబిఎం 704 యంత్రాలను వాడే విమాన నిర్మాణ సంస్థలు మొదలైనవి కలసి ‘షేర్’ అనే సంఘాన్ని స్థాపించాయి. అవే ప్రోగ్రాములను ప్రతి సంస్థా విడివిడిగా రాసుకొనడం వృథా ప్రయాస అని గ్రహించి, ఒకరు రాసినదానిని అందరూ పంచుకొన్నారు. తరువాతి 709 యంత్రాన్ని నడిపే వ్యవస్థకు సభ్యులే రూపకల్పన చేయగా, ఐబిఎం దానిని స్వీకరించింది. విజ్ఞాపన పత్రం కన్న పనిచేసే ప్రోగ్రాముకే బలమెక్కువ.

తెలుగువారును ఈ మార్గాన్నే అనుసరించారు. రైస్ విశ్వవిద్యాలయంలోని తెలుగు విద్యార్థులు ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసే ఆర్.టి.ఎస్. పద్ధతిని రూపొందించారు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు పోతన, వేమన అనే అక్షరరూపాలను ఉచితంగా అందించారు. 2005లో హైదరాబాదులో ఏర్పడిన ‘స్వేచ్ఛ’ సంస్థ కార్యకర్తలు కంప్యూటరు తెరపై కనిపించే మాటలను తెలుగు చేశారు.

మూలరచన అందరికీ తెరచి ఉంచిన ఇట్టి సాఫ్ట్‌వేరులో ప్రోగ్రాము ఒక్కటే. పదాల పట్టిక మాత్రం భాషకొకటి. కనుక పుదుచ్చేరి పట్టణంలోని నెల్లితోపు విద్యార్థి తమిళంలోను, అదే కేంద్రపాలిత ప్రాంతానికి చెందిన యానాం విద్యార్థి తెలుగులోను ఒకే ప్రోగ్రామును వాడుకొనవచ్చును. మూలంలో ఒకరు దిద్దిన లోపం ఉభయులకూ తీరుతుంది.

కాని పట్టికలో పూరింపని మాట తెరపై ఆంగ్లంలోనే మిగిలిపోతుంది. దానిని పూరించవలసినవారు ఆ భాషీయులే.