పాత కార్డులోని దృశ్యాలు కొత్త కార్డులోకి వెళ్ళేదెలా?

కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలు మార్గంలో, మహబూబాబాదు దాటాక, డోర్నకల్ కంటే ముందు గార్ల స్టేషను వస్తుంది. ఆ ఊరి బజారులో ఒక కిరాణా దుకాణం ఉందనుకుందాం. గుమ్మం మీద సి.సి. కెమెరా, దాని లోపల వేలి గోరంత మెమరీ కార్డు. ఒక రాత్రి దుకాణంలో దొంగతనం జరిగింది. ఆ దృశ్యం కార్డులో ఉంది. దాన్ని చెడకుండా బయటికి తీయాలి. ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

ఒక చిన్న లెక్క

కెమెరా సెకనుకు 2 మెగాబిట్ల సమాచారం రాస్తుందనుకోండి. 8 బిట్లు ఒక బైటు కనుక, సెకనుకు పావు మెగాబైటు. రోజుకు 86,400 సెకన్లు. అంటే రోజుకు 21,600 మెగాబైట్లు, దాదాపు 21.6 గిగాబైట్లు! 64 గిగాబైట్ల కార్డు మూడు రోజులకే నిండిపోతుంది. ఆ తరువాత కెమెరా అన్నిటికంటే పాత దృశ్యాన్ని చెరిపి, ఆ చోట కొత్తది రాస్తుంది. కాబట్టి నాలుగో రోజుకు దొంగ బొమ్మ మాయం!

జనం ఎక్కువగా వచ్చే సంస్థలు ఈ దృశ్యాలను 30 రోజులు భద్రపరచాలని 2013 నాటి ప్రజా భద్రతా చట్టం చెబుతోంది. ఇదే వేగంతో రాస్తే అందుకు 648 గిగాబైట్లు కావాలి.

ఎలక్ట్రాన్ల చెర

కార్డు లోపల సిలికాన్ మీద కోట్లాది సూక్ష్మమైన గదులున్నాయి. వాటి చుట్టూ విద్యుత్తును పోనివ్వని పలుచని పొర ఉంటుంది. తగినంత వోల్టేజి ఇస్తే ఎలక్ట్రాన్లు ఆ పొరను దాటి గదిలో చిక్కుకుంటాయి. కరెంటు తీసేసినా బయటికి రాలేవు. ఎలక్ట్రాన్లు ఉంటే 0, లేకుంటే 1. ఇలాంటి గదిని 1967లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డావన్ కాంగ్, సైమన్ జీ ప్రతిపాదించారు. దీని ఆధారంగా తోషిబా కంపెనీకి చెందిన ఫుజియో మసువోకా కనిపెట్టిన ఫ్లాష్ మెమరీని 1984లో లోకానికి తెలిపారు.

చెరిపి రాసిన ప్రతిసారీ ఆ పొర కొంచెం అరుగుతుంది. రాత్రింబవళ్ళు రాసే కెమెరాలో మామూలు కార్డు త్వరగా పాడవడానికి కారణం ఇదే. అందుకే ఎక్కువసార్లు చెరిపి రాసినా తట్టుకునే కార్డులను ప్రత్యేకంగా తయారు చేస్తున్నారు.

ఏదీ కదలదు!

మీరు స్నేహితుడి నోట్సు రాసుకుంటే అతని సిరా మీ పుస్తకంలోకి వస్తుందా? రాదు గదా! ఇక్కడా అంతే. పాత కార్డులోని ఒక్క ఎలక్ట్రాను కూడా కొత్త కార్డులోకి వెళ్ళదు. కంప్యూటరు 0, 1లను చదివి, కొత్త చోట మళ్ళీ రాస్తుంది. అంటే "మార్చడం"లో రెండు పనులున్నాయన్నమాట: ఒకటి నకలు తీయడం, రెండోది పాతది చెరపడం. మొదటిది సరిగా జరిగిందని తేలేదాకా రెండోది చేయరాదు.

క్రమం ఇది. ముందు కెమెరాను ఆపి కార్డు తీయాలి. ఫైళ్ళను కంప్యూటరు డిస్కులోకి నకలు చేయాలి. సెకనుకు 80 మెగాబైట్ల వేగంతో చదివితే 64 గిగాబైట్లకు 800 సెకన్లు, అంటే సుమారు 13 నిమిషాలు పడుతుంది. ఫైళ్ళ సంఖ్య, పరిమాణం పోల్చి, దృశ్యాలను ఆడించి చూడాలి. కొత్త కార్డును కెమెరాలోనే ఫార్మాట్ చేయాలి. ముఖ్యమైన దృశ్యాన్ని మాత్రం కెమెరాలో ఉండే కార్డులోనే ఉంచి ఊరుకోకూడదు. అదీ ఒకనాటికి చెరిగిపోవచ్చు.

ఫైలుకూ వేలిముద్ర

నకలు అచ్చంగా అసలు లాంటిదేనని ఎలా తెలుస్తుంది? ఎస్.హెచ్.ఎ.-256 అనే గణిత పద్ధతి ఎంత పెద్ద ఫైలుకైనా 64 అక్షరాల, అంకెల వరుసను ఇస్తుంది. ఫైలులో ఒక్క బిట్టు మారినా ఆ వరుస పూర్తిగా మారిపోతుంది. రెండు వరుసలూ ఒకటే అయితే నకలు సరైనదన్నమాట. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం కింద, ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు జతపరిచే ధ్రువపత్రంలో ఇలాంటి విలువను కూడా రాస్తారు.

మీ బడిలో కెమెరా ఉంటే, అది సెకనుకు ఎన్ని మెగాబిట్లు రాస్తుందో, కార్డు ఎన్ని గిగాబైట్లదో అడిగి తెలుసుకోండి. ఎన్ని రోజుల దృశ్యాలు నిలుస్తాయో మీరే లెక్కకట్టగలరు.