అర మిల్లీమీటరు లోతున

మోకాలి దగ్గర తొడ ఎముక చివరను కప్పి ఉండే మృదులాస్థి మందం చాలామందిలో రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లే. ఇళ్లలో మనం గుజ్జు అనేది దీన్నే. ఇందులో నరాలుండవు కాబట్టి మొదట్లో దెబ్బతిన్నా మనకు తెలియదు. రక్తనాళాలూ ఉండవు కాబట్టి తెలిసేసరికి తనంతట తాను బాగుపడే దారి ఉండదు. ఒకసారి పాడైన మృదులాస్థి మళ్లీ కోలుకోదని లండన్‌లో విలియం హంటర్ అనే వైద్యుడు 1743లోనే రాయల్ సొసైటీ పత్రికలో రాశాడు. ఆ మాటను కాదనడానికి రెండు శతాబ్దాలకు పైగా ఎవరి దగ్గరా ఏమీ లేకపోయింది.

1959లో బ్రిస్టల్ సర్జన్ కెన్నెత్ ప్రైడీ గుజ్జు పోయిన చోట ఎముకకు చిన్న చిన్న బెజ్జాలు వేసే పద్ధతిని వివరించాడు. లోపలి మూలుగ నుంచి రక్తం ఊరి, గడ్డకట్టి, దానిలోంచి కొత్త పొర పుడుతుందని ఆశ. పొర పుట్టింది కానీ అది పీచు రకం. అసలు మృదులాస్థిలా ఏళ్ల తరబడి బరువు మోయలేదు. 1987లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో లార్స్ పీటర్సన్, మాట్స్ బ్రిట్‌బర్గ్ ఇంకో మెట్టు ఎక్కారు. రోగి మోకాలి నుంచే చిటికెడు మృదులాస్థి తీసి, అందులోని కణాలను ప్రయోగశాలలో పెంచి, గుంటలో తిరిగి నింపారు. 23 మంది రోగుల ఫలితాలు 1994లో ప్రచురించారు. మంచి విద్యే, కాకపోతే రెండు ఆపరేషన్లు, నెలల తరబడి నిరీక్షణ. పైగా వయసు మళ్లేకొద్దీ కణాల్లో ఆ చురుకు తగ్గుతుంది.

అలా నలభై, యాభై ఏళ్లవాళ్లు మధ్యలో ఇరుక్కుపోయారు. కణాల చికిత్సకు వయసు మించిపోయింది. మోకాలు మొత్తం మార్చేద్దామా అంటే, చెడింది ఒక్క చోటే. పైగా పెట్టిన కీలు కొన్నేళ్లకు అరిగితే మళ్లీ కోయాలి. గుంట పడిన చోట మాత్రమే చిన్న లోహపు బిళ్ల పెడితే సరిపోదా అన్న ఆలోచన వీళ్ల కోసం వచ్చిందే. అమెరికాలో ఆర్థ్రోసర్ఫేస్ కంపెనీ హెమీక్యాప్ పేరుతో ఇలాంటివి తెచ్చింది. ఆపరేషన్ బల్ల మీదే ఎముక వంపు కొలిచి, సిద్ధంగా ఉన్న బిళ్లల్లోంచి దగ్గరగా సరిపోయేదాన్ని ఎంచుకునేవారు. దగ్గరగా సరిపోవడం వేరు, సరిగ్గా సరిపోవడం వేరు. ఆ తేడా ఖరీదు ఎంతో గొర్రెల మీద చేసిన ప్రయోగంలో బయటపడింది.

ఆ ప్రయోగం చేసినవారిలో లీఫ్ రీడ్ అనే స్వీడన్ సర్జన్ ఒకరు. కృత్రిమ కీళ్లు ఎముకలో ఎంత సూక్ష్మంగా కదులుతాయో కొలవడం మీదే 1986లో ఆయన పరిశోధన గ్రంథం వెలువడింది. 2013లో ప్రచురితమైన ఈ అధ్యయనంలో 12 గొర్రెల మోకాళ్లలో లోహపు బిళ్లలను వేర్వేరు ఎత్తుల్లో అమర్చారు. చుట్టూ ఉన్న గుజ్జు కంటే పైకి పొడుచుకొచ్చిన బిళ్ల ఎదురుగా ఉన్న కింది ఎముక గుజ్జును గీరేసింది. నిజానికి సరిసమానంగా పెట్టినా ఇబ్బందే. బరువు పడగానే గుజ్జు కాస్త అణుగుతుంది, లోహం అణగదు. అంటే అడుగు వేసిన ప్రతిసారీ బిళ్లే పైకి తేలుతుంది. అందుకే దాన్ని సుమారు అర మిల్లీమీటరు లోపలికి దించి కూర్చోబెట్టాలన్న లెక్క కుదిరింది.

స్టాక్‌హోమ్‌లోని ఎపిసర్ఫ్ మెడికల్ కంపెనీ తయారుచేసిన ఎపిసీలర్ ఈ లెక్క చుట్టూ పుట్టిన పరికరం. మనిషి మోకాలికి దాన్ని మొదట అమర్చింది 2012 చివర్లో, ఆ గొర్రెల అధ్యయనం అచ్చవకముందే. చూడ్డానికి పెద్ద విశేషమేమీ లేదు. పైన కోబాల్ట్-క్రోమియం టోపీ, కింద ఎముకలో దిగే కాడ. పెద్ద సైజుది మన కొత్త రూపాయి బిళ్లంత ఉంటుంది. కింది భాగానికి టైటానియం, దాని మీద హైడ్రాక్సీఅపటైట్ పూత. ఈ రెండోది ఎముకలో సహజంగా ఉండే ఖనిజానికి చుట్టం కాబట్టి ఎముక దాన్ని పట్టుకుని పెరుగుతుంది. నున్నని పైభాగం వంపు మాత్రం ఎవరిది వారిదే.

ఆ వంపు ఎమ్మారై స్కాన్ నుంచి వస్తుంది. పొర పొరగా తీసిన బొమ్మలతో కంప్యూటర్‌లో మోకాలి త్రీడీ నమూనా కడతారు. దాని మీద గుజ్జు ఎక్కడ పోయింది, కింద ఎముక ఎంతవరకు దెబ్బతింది అన్నది గుర్తులు పెట్టి సర్జన్‌కు పంపుతారు. గుంట పడకముందు ఆ చోట ఉపరితలం ఎలా ఉండేదో చుట్టుపక్కల వంపును బట్టి గీస్తారు. సర్జన్ సరేనన్నాకే బిళ్ల తయారీకి వెళుతుంది.

నాకు ముచ్చటేసేది ఈ బిళ్ల కన్నా దానితోపాటు వచ్చే ప్లాస్టిక్ మూస. త్రీడీ ప్రింటింగ్‌లో తయారైన ఆ మూస అడుగుభాగం ఆ ఒక్క రోగి మోకాలి మీదే సరిగ్గా కూర్చుంటుంది. సర్జన్ దాన్ని పిన్నులతో బిగించి, అందులోని గొట్టం గుండానే గుజ్జును గుండ్రంగా కోసి, ఎముకను తొలుస్తాడు. డ్రిల్ పక్కకు ఒరగదు. ముందుగా ఒక నమూనా బిళ్ల పెట్టి లోతు సరిచూస్తాడు. చాలకపోతే మళ్లీ కాస్త తొలుస్తాడు. కుదిరాకే అసలుది పెట్టి సుత్తితో మెల్లగా దించుతాడు. సర్జన్ చేతి నైపుణ్యానికి వదిలేసిన అర మిల్లీమీటరును ఈ మూస తన బాధ్యతగా తీసుకుంది. పని కాగానే అది చెత్తబుట్టలోకి పోతుంది!

స్వీడన్‌లో పది మంది రోగులను రెండేళ్లు గమనించి, ఎక్స్‌రేలతో చేసే అతి సూక్ష్మమైన కొలతల్లో బిళ్ల కదల్లేదని 2018లో నివేదించారు. మొదటి అడ్డంకి దాటినట్టే. అయితే పదేళ్లు, ఇరవై ఏళ్లు నిలిచే కీళ్లతో పోల్చి మాట్లాడటానికి పది మంది, రెండేళ్లు చాలవు.

ఒక్క సంగతి మాత్రం పాఠకులు గట్టిగా గుర్తుంచుకోవాలి. ఈ చికిత్స ఒక చోట గుంట పడినవారికే. కీలంతా అరిగినవారికి, కాలు దొడ్డిగా వంగిపోయినవారికి, ఎదుటి ఎముక గుజ్జు కూడా పోయినవారికి, కోబాల్ట్, నికెల్ లాంటి లోహాలు పడనివారికి ఇది పనికిరాదు. కాబట్టి గుజ్జు అరిగిందని డాక్టరు చెప్పినప్పుడు ఒక్క చోటా, మొత్తమా అని తప్పక అడగండి. స్కాన్ తీసి ఉంటే ఆ చోటు చూపించమనండి. చాలామందికి వచ్చే జవాబు రెండోదే. వారి విషయంలో బరువు తగ్గించుకోవడం, తొడ కండరాలకు వ్యాయామం, మరీ ముదిరితే కీలు మార్పిడి అన్నవే ఇప్పటికీ ఉన్న ముఖ్యమైన దారులు.