మాట వినబడకపోతే – దోషం చిత్రానిదా, చెవిదా?

సంక్రాంతి సెలవులలో కుటుంబమంతా ఇంటిలో కూర్చుని ఒక కొత్త చిత్రం చూస్తున్నాము. నాయకుడు ప్రతినాయకుని సమీపించి, కథను మలుపు తిప్పే మాట ఏదో అన్నాడు. నాకు వినబడలేదు. రిమోటు అందుకుని ధ్వని పెంచాను. మరుక్షణమే పోరాట ఘట్టం మొదలై కిటికీ అద్దాలు అదిరాయి. "ఏమండీ, తగ్గించండి, పక్క క్వార్టరు వాళ్ళు ఏమనుకుంటారు?" అన్నది మా శ్రీమతి. తగ్గించాను. మాటలు మళ్ళీ మాయమైనాయి. రెండున్నర గంటల చిత్రంలో ఈ హెచ్చుతగ్గుల కార్యక్రమం ఎన్నిమార్లు జరిగిందో లెక్కలేదు. ఎనభై దాటిన మా అమ్మ చివరకు తీర్పు చెప్పింది: "మాయాబజారు పెట్టరా నాయనా, అందులో ప్రతి అక్షరం వినిపిస్తుంది."

పాతదంతా బంగారమనే వయసు వచ్చినందువల్ల మనకలా తోస్తున్నదా, లేక దీనికి సాంకేతికమైన కారణమేదైనా ఉన్నదా? వృత్తిరీత్యా ఇంజనీరును కనుక ఈ ప్రశ్నను అంతటితో వదలలేకపోయాను. వెదుకుతూ పోగా తేలిన విషయాలలో ఒకటి మాత్రం నేను ఊహించనిది. అది చివర మనవి చేస్తాను.

నాటి శబ్దగ్రహణం

1957లో విడుదలైన 'మాయాబజార్' కాలంలో మన చిత్రాల సంభాషణలు చాలావరకు స్టూడియో ఫ్లోరులోనే, నటులు నటిస్తుండగానే రికార్డయ్యేవి. బయటి సవ్వడి లోనికి రాని గోడలు, మోత బయటకు రాకుండా తొడుగు వేసిన బరువైన కెమెరాలు, నటుని తలపై వేలాడే మైకు – ఇదీ ఏర్పాటు. నటులలో పలువురు నాటకరంగం నుండి వచ్చినవారు. చివరి వరుసలోని ప్రేక్షకునికి కూడా పదం విడివిడిగా అందవలెనన్నది వారి శిక్షణ. ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుని పలుకులో ఒత్తు ఒత్తుగానే, దీర్ఘం దీర్ఘంగానే వినిపిస్తుంది. పింగళి నాగేంద్రరావు గారు ఆ చిత్రంలో రాక్షసులచేత సంయుక్తాక్షరాలను విడగొట్టి పలికించి హాస్యం పుట్టించారు. హల్లు స్పష్టంగా వినబడకపోతే ఆ హాస్యమే లేదు.

ఆనాటి యంత్రపరిమితి కూడా ఒక విధంగా మేలు చేసింది. ఫిల్ము అంచున సుమారు రెండున్నర మిల్లీమీటర్ల వెడల్పు గల గీతలో శబ్దమంతా ఇమడవలెను. అతి సన్నని సవ్వడి ఆ గీతలోని గరగరలో కలిసిపోయేది. అతి పెద్ద శబ్దం పగిలిపోయేది. మధ్య ఉన్న కొద్దిపాటి స్థలంలో మాటకు చోటివ్వవలెనంటే సంగీతాన్ని తగ్గించక తప్పేది కాదు.

నేటి ధ్వని విధానం

తరువాత తేలికైన కెమెరాలు వచ్చి చిత్రీకరణ ఆరుబయటకు వెళ్ళింది. ఆ కెమెరాల మోత వల్ల సంభాషణలను తరువాత డబ్బింగ్ గదిలో చెప్పించడం అలవాటైంది. తెలుగులో తొలి 70 ఎం.ఎం. చిత్రమైన 'సింహాసనం' 1986లో ఆరు ట్రాకుల స్టీరియో ధ్వనితో వచ్చింది. ప్రపంచంలో 1992లో డాల్బీ డిజిటల్, 1993లో డి.టి.ఎస్. థియేటర్లలో ప్రవేశించాయి. పదహారు బిట్ల డిజిటల్ శబ్దంలో అతి సన్నని ధ్వనికి, అతి పెద్ద ధ్వనికి నడుమ 96 డెసిబెల్స్ అంతరం సాధ్యమైనది. ప్రతి 10 డెసిబెల్స్‌కు శబ్దశక్తి పదిరెట్లవుతుందన్న సంగతి పాఠకులకు విదితమే. గుసగుసను గుసగుసగా, పిడుగును పిడుగుగా వినిపించే వీలు కలిగింది. ఈ వీలును పిడుగులు వాడుకున్నంతగా మాటలు వాడుకోలేదు!

దీనికి తోడు నటనాశైలి మారింది. నేటి నటుడు నిజజీవితంలో వలె పెదవి కదిపీ కదపకుండా మాట్లాడతాడు. వెనుక నేపథ్య సంగీతం ఎడతెగక సాగుతుంది. మంద్రస్థాయి ధ్వని బలంగా ఉన్నపుడు, దానికంటె పై స్థాయిలోని సున్నితమైన ధ్వనులను అది చెవిలో కప్పివేస్తుంది. శబ్దమిశ్రమం చేసేవారికి సంభాషణలు అప్పటికే కంఠతా వచ్చి ఉంటాయి కనుక ఈ లోటు వారికి తెలియదు. కొందరు దర్శకులు తెలిసే చేస్తారు. 2014లో 'ఇంటర్‌స్టెల్లార్' చిత్రంలో మాటలు వినబడలేదన్న విమర్శకు, అది తాను కోరి చేసినదేనని దర్శకుడు క్రిస్టఫర్ నోలన్ సమాధానమిచ్చారు. 2020లో 'టెనెట్'పైనా అదే ఫిర్యాదు వచ్చింది. ఆంగ్లేయులకే ఆంగ్లం వినబడనపుడు మన అవస్థ చెప్పవలెనా?

ఇక ఇంటి సంగతి. థియేటరులో సంభాషణ ప్రధానంగా తెర వెనుక ఉన్న మధ్య స్పీకరు నుండి వస్తుంది. ఇంటిలో ఆ ఆరు మార్గాల శబ్దాన్నీ రెండు చిన్న స్పీకర్లలోకి కుదించవలెను. పాత డబ్బా టి.వి.లలో స్పీకరు చాలావరకు మన ముఖం వైపే ఉండేది. నేటి పలుచని టి.వి.లలో దానికి చోటులేక కిందికో, వెనుకకో తిరిగి ఉంటుంది. మాట గోడకు చెప్పబడి మనకు చేరుతుంది.

ఇంటిలో ఒక పరీక్ష

ఇంతవరకు వచ్చేసరికి నేరమంతా చిత్రాలదేనని తేల్చి సంతోషించాను. కాని మా అమ్మాయి ఒక చిక్కుప్రశ్న వేసింది: "నాన్నగారూ, మాయాబజారు మీకు కంఠతా వచ్చు కదా! వినబడుతున్నదా, గుర్తు వస్తున్నదా?"

ప్రశ్న న్యాయమైనదే. అందువల్ల మేమిద్దరమూ చూడని ఒక నలుపు తెలుపు చిత్రాన్ని, ఒక కొత్త చిత్రాన్ని ఎంచుకున్నాము. ఒక్కొక్కటి ఇరవై నిమిషాలు, టి.వి. ధ్వని మార్చరాదు, మాట అందని చోటల్లా ఎవరి కాగితంపై వారు టిక్కు పెట్టవలెను. అమ్మ పాతదానిని చూసి ఉండవచ్చునని ఆమెను పరీక్ష నుండి మినహాయించి పర్యవేక్షకురాలిని చేశాము.

పాత చిత్రంలో అమ్మాయికి 3, నాకు 6 టిక్కులు. కొత్త చిత్రంలో అమ్మాయికి 9, నాకు 31.

చిన్న పరీక్షే అయినా ఇందులో రెండు విషయాలున్నాయి. ఇరవైయేళ్ళ చెవికి కూడా కొత్త చిత్రం మూడురెట్లు కష్టమైనది. ఇది చిత్రపు లోపం. కాని అదే చిత్రంలో 9కి, 31కి మధ్య ఉన్న తేడాకు దర్శకుని నిందించి లాభం లేదు.

నా చెవి చెప్పిన సంగతి

మరుసటి వారమే వైద్యశాలకు వెళ్ళి ఆడియోమెట్రీ చేయించుకున్నాను. మంద్రస్థాయిలో నా వినికిడి బాగానే ఉన్నది. 3000 హెర్ట్జ్ దాటిన తరువాత గీత దిగజారి 4000 వద్ద లోయలా పడి, 8000 వద్ద కొంత లేచింది. డాక్టరు గారు కాగితం చూస్తూనే "ఏ విభాగంలో పనిచేశారు?" అని అడిగారు. "కంప్రెసర్ హౌస్, పద్దెనిమిదేళ్ళు" అన్నాను. ఆయన తల ఊపారు. 4000 వద్ద పడే ఆ లోయ యంత్రాల మోత వదిలి వెళ్ళే గుర్తు.

మాటలో బలమంతా అచ్చులది; అవి మంద్రస్థాయిలో ఉంటాయి. అర్థాన్ని వేరుచేసేవి హల్లులు. వాటి సున్నితమైన భాగం 2000 నుండి 4000 హెర్ట్జ్ ప్రాంతంలో, ఇంకా పైన ఉంటుంది. మన తెలుగు అజంత భాష. 'కల', 'తల', 'వల' – హల్లు జారితే మూడూ ఒకటే. అందుకే నావంటివారికి శబ్దం వినబడుతుంది, మాట అర్థం కాదు. "గట్టిగా చెప్పు" అంటాము. గట్టిగా చెబితే "అరవకు" అంటాము.

లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు పుట్టుకతో సుమారు పదిహేను వేలు. చెడినవి మనుషులలో తిరిగి పెరగవు. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు ఎనిమిది గంటలకు మించరాదని, ప్రతి 3 డెసిబెల్స్ పెరుగుదలకు ఆ కాలం సగమవుతుందని అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సూచించింది. ఆ లెక్కన 94 డెసిబెల్స్ వద్ద ఒక్క గంట మాత్రమే. మన దేశంలో 1948 నాటి కర్మాగారాల చట్టపు మూడవ షెడ్యూలులో మోత వల్ల కలిగే చెవుడు వృత్తివ్యాధిగా చేరింది.

ఆ రోజులలో ఇయర్ మఫ్‌లు లేకపోలేదు. ఉన్నవి. నా మఫ్ నా మెడకు ఉండేది. చెమట పోస్తున్నదని, ఫోను వినబడదని సాకు. ఇప్పుడొక సంఘటన గుర్తుకు వస్తున్నది. కొన్నేళ్ళ క్రితం రాత్రి షిఫ్టులో ఫోనులో 'బి' పంపు ఆపమని చెప్పారు. నేను 'డి' పంపు ఆపమని ఆపరేటరుకు చెప్పాను. అతడు అనుభవజ్ఞుడు. "సార్, 'డి'యేనా? మరొక్కసారి అడగండి" అన్నాడు. అడిగాను. ప్రమాదం తప్పింది. ఫోను బాగాలేదని లాగ్ బుక్కులో వ్రాశాను. ఫోను బాగానే ఉన్నదేమోనని నేడు అనిపిస్తున్నది.

చేయదగినవి

చిత్రాల విషయంలో కొన్ని ఉపాయాలున్నాయి. టి.వి. సెట్టింగులలో 'సరౌండ్' బదులు 'స్టీరియో' పెట్టవచ్చు. సంభాషణను పెంచే సదుపాయం, రాత్రి వేళ హెచ్చుతగ్గులను తగ్గించే సదుపాయం చాలా సెట్లలో ఉన్నాయి. మధ్య స్పీకరు గల సౌండ్ బార్ మరికొంత మేలు. తెరపై అక్షరాలు వేసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. మా ఇంటిలో ఇప్పుడు అదే పద్ధతి.

పిల్లలు ఇయర్‌ఫోన్లలో వినే ధ్వని వారానికి 40 గంటలకు 75 డెసిబెల్స్ మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. తల్లిదండ్రులు దీనిని గమనింతురు గాక.

ఇక షాపులలో పనిచేసే సోదర ఉద్యోగులకు నా మనవి. మఫ్ ఉండవలసిన చోటు చెవి. ఆడియోమెట్రీకి పట్టే సమయం అరగంట. నొప్పి లేదు, సూది లేదు. నేను పదేళ్ళ ముందు చేయించుకొని ఉంటే ఆ లోయ అక్కడితో ఆగి ఉండేదని డాక్టరు గారన్నారు. ఇంటిలో మీరు రిమోటుతో ధ్వని పెంచుతుంటే మిగిలినవారు తగ్గిస్తున్నారా? అయితే దర్శకుని తిట్టుకోండి, తప్పులేదు. మరునాడు ఉదయం మాత్రం ఒకసారి వైద్యశాలకు వెళ్ళిరండి.