నాలుగు రోజులకో పుష్కరం

గోదావరికైనా, కృష్ణకైనా పుష్కరాలు పన్నెండేళ్ళకొకసారే ఎందుకొస్తాయి? గురుగ్రహం సూర్యుడి చుట్టూ తిరిగి మళ్ళీ అదే రాశికి రావటానికి దాదాపు అంతకాలం పడుతుంది గనుక. ఆ గురుడే నాలుగు రోజుల్లో ఒక చుట్టు తిరిగొస్తే? పుష్కర స్నానానికి వెళ్ళినవాళ్ళు ఇల్లు చేరేలోగా మళ్ళీ పుష్కరాలు వచ్చిపడతాయి! నవ్వులాటకు చెప్పటం లేదు. అలాంటి గ్రహం నిజంగానే ఒకటుంది.

కార్తీకమాసంలో రాత్రి ఎనిమిది గంటలప్పుడు నడినెత్తిన చూడండి. నాలుగు చుక్కలు పెద్ద చతురస్రంగా కనిపిస్తాయి. పడమటివైపు రెండూ పూర్వాభాద్ర, తూర్పువైపు రెండూ ఉత్తరాభాద్ర. పాశ్చాత్యులు దీన్ని పెగాసస్, అంటే రెక్కల గుర్రం అంటారు. పూర్వాభాద్ర చుక్కలు రెండింటి నడుమ, కాస్త పడమరగా, కరెంటు దీపాలు లేని చోట కంటికి ఆనీ ఆనని ఒక చుక్క వుంది. దాని పేరు 51 పెగాసి. దూరం సుమారు 50 కాంతి సంవత్సరాలు. బరువులోను, వేడిలోను ఇంచుమించు మన సూర్యుడి లాంటిదే.

దాని చుట్టూ గ్రహం తిరుగుతోందని ఎలా తెలిసింది? టెలిస్కోపులో చూసి కాదు. పెట్రోమాక్స్ లైటు పక్కన మిణుగురు పురుగు కనిపిస్తుందా? అయితే ఇంకో దారి వుంది. తండ్రి బిడ్డ చేతులు పట్టుకుని గిరగిరా తిప్పుతున్నప్పుడు తను కూడా కదలకుండా వుండలేడు, కొంచెం ఊగుతాడు. అలాగే గ్రహం లాగుతుంటే నక్షత్రమూ ఊగుతుంది. మనవైపు వచ్చినప్పుడు దాని వెలుగులోని గీతలు నీలంవైపు, దూరంగా పోయేటప్పుడు ఎరుపువైపు రవంత జరుగుతాయి. స్టేషనులోకి వచ్చే రైలు కూత ఒకలా, దాటిపోయే రైలు కూత ఒకలా వినిపించటం లాంటిదే ఇది.

స్విట్జర్లాండుకు చెందిన మిషెల్ మేయర్, ఆయన దగ్గర పరిశోధక విద్యార్థిగా వున్న దిదియే కెలోజ్ ఫ్రాన్సులోని ఓత్ ప్రొవాన్స్ వేధశాలలో ఈ ఊగులాటనే కొలిచారు. నక్షత్రం సెకనుకు 56 మీటర్ల వేగంతో ముందుకూ వెనక్కూ ఊగుతోంది. అదీ 4.23 రోజులకొకసారి! లెక్క కడితే, గ్రహం బరువు గురుగ్రహంలో కనీసం సగం దాకా తేలింది. నక్షత్రానికి దాని దూరం 80 లక్షల కిలోమీటర్ల లోపే. మన బుధుడే సూర్యుడికి సుమారు 5 కోట్ల 80 లక్షల కిలోమీటర్ల దూరంలో వుంటాడు మరి. వాళ్ళు దీన్ని నమ్మలేక నెలల తరబడి మళ్ళీ మళ్ళీ కొలిచి, చివరకు 1995 అక్టోబరులో ప్రకటించారు. సూర్యుడి లాంటి నక్షత్రానికి గ్రహం దొరకటం అదే మొదలు. 2019లో ఇద్దరికీ నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది.

అసలు విషయం ఇక్కడుంది. పెద్ద గ్రహాలు నక్షత్రానికి దూరంగా, చల్లనిచోటే పుడతాయని అందరి నమ్మకం. మన ఇంట్లో అలా వుంది కాబట్టి లోకమంతా అలాగే వుంటుందనుకున్నారు! పెద్ద గ్రహం నక్షత్రానికి అతి దగ్గరగా ఎందుకు వుండకూడదు, వెతకండి అని ఆటో స్ట్రూవే 1952లోనే రాశాడు. పట్టించుకున్నవాళ్ళు లేరు. అమెరికాలో ఇంకో జట్టు 1987 నుంచి కొలతలు పోగుచేస్తూనే వుంది. 51 పెగాసి వార్త విన్నాక వాళ్ళు పాత రికార్డులు తిరగేశారు. 1996 జనవరికల్లా రెండు గ్రహాలను ప్రకటించారు. అంటే అవి ఎన్నాళ్ళుగానో వాళ్ళ కాగితాల్లోనే వున్నాయన్నమాట!

ఆ గ్రహం దూరాన పుట్టి, తరవాత మెల్లగా లోపలికి జరిగి వుంటుందని ఇప్పుడు ఎక్కువమంది భావిస్తున్నారు. 2025 నాటికి తెలిసిన పరగ్రహాల సంఖ్య 6000కు చేరింది.

మిత్రులారా! లాబొరేటరీలో రీడింగు పుస్తకంతో కలవకపోతే మనం చేసే పనేమిటి? రబ్బరుతో చెరిపేసి, రావలసిన అంకె వేస్తాం. 4.23 అన్న అంకెను కెలోజ్ కూడా అలాగే చెరిపేసి వుంటే? ఈసారి రబ్బరు చేతికి తీసుకునే ముందు పూర్వాభాద్ర పక్కనున్న ఆ చిన్న చుక్కను ఒక్కసారి తలచుకోండి.