బృహద్ధమని శస్త్రచికిత్సలో వెన్నుపాము రక్షణ

బృహద్ధమని శస్త్రచికిత్సలో వెన్నుపాము రక్షణ అనగా ఛాతీ, ఉదర భాగాలలోని బృహద్ధమనికి పెద్ద శస్త్రచికిత్స చేసేటప్పుడు వెన్నుపాముకు రక్తం అందక రెండు కాళ్ళూ చచ్చుబడిపోకుండా తీసుకునే జాగ్రత్తలు. బృహద్ధమని ఉబ్బినప్పుడు గాని, దాని గోడ పొరలు చీలినప్పుడు గాని ఈ శస్త్రచికిత్స అవసరమవుతుంది. ఉబ్బిన ధమని పగిలితే ప్రాణాపాయం కలుగుతుంది. శస్త్రచికిత్సతో ప్రాణం దక్కినా కాళ్ళు పోయే ప్రమాదం ఉంది.

వెన్నుపాముకు రక్త సరఫరా

వెన్నుపాము పొడవునా ముందువైపు ఒకటి, వెనుకవైపు రెండు ధమనులు ఉంటాయి. ముందరి ధమని వెన్నుపాములో దాదాపు మూడింట రెండు వంతుల భాగానికి రక్తాన్ని అందిస్తుంది. కాళ్ళను కదిలించే నాడీకణాలు ఈ భాగంలోనే ఉన్నాయి. మెడలోని ధమనులు, బృహద్ధమని నుండి చీలి పక్కటెముకల నడుమ సాగే పర్శుకాంతర ధమనులు, నడుము, కటి భాగాల ధమనులు దీనికి రక్తాన్ని చేరుస్తాయి. వీటిలో ముఖ్యమైన శాఖను 19వ శతాబ్దం చివరలో వర్ణించిన ఆల్బర్ట్ ఆడంకీవిచ్ పేరుతో ఆడంకీవిచ్ ధమని అంటారు. ఇది చాలామందిలో ఎడమవైపున, ఛాతీ వెన్నుపూసల క్రింది భాగంలో మొదలవుతుంది. అయితే దాని స్థానం మనిషికీ మనిషికీ మారుతుంది.

ప్రమాదానికి కారణాలు

శస్త్రచికిత్సలో బృహద్ధమనికి క్లాంపు వేసి రక్తప్రవాహాన్ని ఆపినప్పుడు దాని దిగువన రక్తపోటు పడిపోతుంది. అదే సమయంలో వెన్నుపాము చుట్టూ ఉండే మస్తిష్కమేరు ద్రవపు పీడనం పెరుగుతుంది. సగటు రక్తపోటు నుండి ఈ ద్రవ పీడనాన్ని తీసివేయగా మిగిలేదే వెన్నుపాములోకి రక్తాన్ని నెట్టే పీడనం. ఉదాహరణకు రక్తపోటు 90, ద్రవ పీడనం 10 అయితే 80 మి.మీ. మిగులుతుంది. అవే 60, 20 అయితే మిగిలేది 40 మాత్రమే.

మార్చవలసిన ధమని భాగం పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. అమెరికాలోని హ్యూస్టన్‌కు చెందిన శస్త్రవైద్యుడు స్టాన్లీ క్రాఫర్డ్ ఈ శస్త్రచికిత్సలను నాలుగు రకాలుగా విభజించాడు. ఛాతీ పైభాగం నుండి మూత్రపిండ ధమనుల దిగువ వరకు సాగే రెండవ రకం అత్యంత ప్రమాదకరమైనది. 1993లో ప్రచురితమైన ఆయన బృందపు నివేదికలో 1509 మంది రోగులలో 16 శాతం మందికి కాళ్ళు చచ్చుబడటమో, బలహీనపడటమో జరిగింది.

రక్షణ పద్ధతులు

* ద్రవాన్ని తీయడం: నడుము వద్ద సన్నని గొట్టం అమర్చి, ద్రవ పీడనం 10 మి.మీ. దరిదాపుల్లో ఉండేలా చూస్తారు. 2002లో జోసఫ్ కోసెల్లి బృందం 145 మందిపై జరిపిన పరీక్షలో ద్రవం తీయనివారిలో 13 శాతం మందికి, తీసినవారిలో 2.6 శాతం మందికి మాత్రమే కాళ్ళు దెబ్బతిన్నాయి. ద్రవాన్ని అతిగా తీస్తే మెదడు చుట్టూ రక్తస్రావం కావచ్చు. కనుక గంటకు ఇంత అని పరిమితి పాటిస్తారు.
* రక్తపోటును నిలపడం: సగటు రక్తపోటును సాధారణంగా 80 నుండి 100 మి.మీ. మధ్య ఉంచుతారు. హీమోగ్లోబిన్ తగ్గకుండా చూస్తారు.
* ఎడమ గుండె బైపాస్: గుండె ఎడమ భాగం నుండి రక్తాన్ని పంపు ద్వారా క్లాంపుకు దిగువన ఉన్న శరీరానికి అందిస్తారు.
* చల్లబరచడం: శరీర ఉష్ణోగ్రతను 32-34 డిగ్రీల సెల్సియస్‌కు తగ్గిస్తే వెన్నుపాముకు కావలసిన ఆక్సిజన్ తగ్గుతుంది.
* ధమనులను తిరిగి అతకడం: ముఖ్యమైన పర్శుకాంతర ధమనులను కృత్రిమ గొట్టానికి కలుపుతారు.
* నాడీ సంకేతాల పరిశీలన: రోగి మత్తులో ఉండగానే మెదడు నుండి కాళ్ళకు సంకేతాలు చేరుతున్నాయో లేదో యంత్రంతో చూస్తారు.
* దశలవారీ చికిత్స: మొత్తం ధమనిని ఒకేసారి మార్చక రెండు విడతలుగా చేస్తే, మధ్య కాలంలో చిన్న రక్తనాళాలు పెరిగి వెన్నుపామును ఆదుకుంటాయి.

తొడ వద్ద నుండి స్టెంట్ గొట్టాన్ని పంపే పద్ధతిలో ఛాతీ కోయనక్కరలేదు. కానీ ఆ గొట్టం పర్శుకాంతర ధమనుల ద్వారాలను మూసివేస్తుంది కనుక ప్రమాదం పూర్తిగా తొలగదు.

శస్త్రచికిత్స తరువాత

మెలకువ రాగానే రోగిని కాళ్ళు కదిలించమని అడుగుతారు, ఆ తరువాత కూడా పదే పదే పరీక్షిస్తారు. మొదట బాగా కదిలిన కాళ్ళు కొన్ని గంటలకో, కొన్ని రోజులకో చచ్చుబడవచ్చు. రక్తపోటు పడిపోవడం దీనికి ఒక ముఖ్య కారణం. వెంటనే గుర్తించి రక్తపోటును పెంచి, ద్రవాన్ని తీసి, ఆక్సిజన్ అందిస్తే చాలామందిలో కొంతవరకైనా కదలిక తిరిగి వస్తుంది.

ఇటువంటి చికిత్సలు పెద్ద ఆసుపత్రులకే పరిమితం. పెద్దతిప్పసముద్రం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల వారికి తిరుపతి, వేలూరు, బెంగళూరు దగ్గరి వైద్యకేంద్రాలు. ఇంటికి చేరిన రోగికి కాళ్ళలో తిమ్మిరి, బలహీనత, మూత్రం బిగియడం వంటి లక్షణాలు కనిపిస్తే తెల్లవారేదాకా ఆగక వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి. రక్తపోటు మందులను వైద్యుని సలహా లేకుండా పెంచరాదు, మానరాదు.