గాలికీ ఉంది లెక్కాపత్రం

తిరుత్తణి నుంచో, అరక్కోణం నుంచో తెల్లవారుజామునే లోకల్ బండి ఎక్కి పట్టరవాక్కం స్టేషనులో దిగే మనవాళ్లు చాలామంది ఉన్నారు. బండి దిగి అంబత్తూరు ఎస్టేటు వైపు నడుస్తుంటే ఒకరోజు యాసిడు ఘాటు, ఒకరోజు రంగుల వాసన, ఇంకోరోజు కాలిన రబ్బరు కంపు ముక్కుకు తగులుతాయి. "ఎస్టేటన్నాక ఇంతేలే" అనుకుని, రుమాలు అడ్డం పెట్టుకుని షిఫ్టులోకి పోతాం. పగటికంటే తెల్లవారుజామున వాసన ఎక్కువ అనిపించడం మన భ్రమ కాదు. చలికాలం రాత్రుళ్లు నేలను అంటిన గాలి చల్లబడి బరువెక్కుతుంది, దాని మీద వెచ్చటి గాలి మూతలా నిలబడుతుంది. ఎండ ఎక్కి ఆ మూత తొలగేదాకా కింద వదిలినది కిందే ఉంటుంది.

మరి ఆ వాసన ఏ గొట్టం నుంచి వచ్చింది, అందులో ఏముంది, ఎంత ఉంది అన్నది ఎవరైనా రాసిపెడుతున్నారా? పెట్టాలి. చట్టం ప్రకారం ఆ లెక్క రాసి సర్కారుకు అప్పజెప్పవలసింది మొదట ఫ్యాక్టరీవారే. ఆ లెక్కలో ఏముంటుంది, దాన్ని ఎలా చదవాలి, మనలాంటివాళ్లు దాన్ని చూడవచ్చా అన్నదే ఇవాళ్టి మన ముచ్చట.

అంబత్తూరు ఎస్టేటు 1964లో మొదలైంది. చిన్న పరిశ్రమల పేటల్లో ఇది దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. ఇంజనీరింగు పని ఎక్కువైనా, దాన్ని అంటిపెట్టుకుని రసాయనాలతో చేసే పనులూ ఉంటాయి. నికెలు, క్రోమియం పూత పూసేవాళ్లకు యాసిడు తొట్లు ఉంటాయి. రంగులు కలిపేవాళ్లకు, మందులు చేసేవాళ్లకు ద్రావకాలు కావాలి, అంటే సాల్వెంట్లు. ఇక ఈశాన్యంగా మణలి వైపు వెళితే చమురు శుద్ధి, ఎరువులు, పెట్రో రసాయనాల భారీ ఫ్యాక్టరీలే. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2009లో దేశంలోని పారిశ్రామిక ప్రాంతాలకు మార్కులు వేసినప్పుడు, 70 దాటినవాటిని అతి తీవ్రంగా కలుషితమైనవిగా లెక్కించింది. మణలికి 76కు పైగా వచ్చాయి. ఇలాంటి పరీక్షలో ఎక్కువ మార్కులు రావడం ఏమంత గౌరవం కాదు!

వీటన్నిటికీ మూలచట్టం 1981 నాటి వాయు కాలుష్య నివారణ చట్టం. దాని 21వ సెక్షన్ ప్రకారం ఫ్యాక్టరీ కట్టే ముందు ఒకసారి, నడిపే ముందు ఇంకోసారి రాష్ట్ర మండలి సమ్మతి తీసుకోవాలి. ఆఫీసులో అయినా, ఫ్యాక్టరీలో అయినా దీన్ని కన్సెంటు అనే అంటారు, మనమూ అలాగే అందాం. కన్సెంటు అంటే ఏదో ముద్ర కొట్టిన కాగితం అనుకోకండి. ఫలానా పొగగొట్టానికి ఏ యంత్రం తగిలించి ఉంది, ఆ గొట్టం ఎన్ని మీటర్ల ఎత్తు ఉండాలి, దాన్నుంచి ఏ వాయువు ఎంతకు మించి రాకూడదు అని గొట్టం గొట్టానికీ అందులో విడిగా రాసి ఉంటుంది. డీజిలు జనరేటరునే తీసుకోండి. దాని కె.వి.ఎ. సామర్థ్యానికి వర్గమూలం కట్టి, అందులో అయిదోవంతు తీసుకుంటే వచ్చినన్ని మీటర్లు భవనం కప్పు కంటే గొట్టం పైకి ఉండాలి. 400 కె.వి.ఎ. జనరేటరయితే వర్గమూలం 20, అయిదోవంతు 4. అంటే కప్పు మీద 4 మీటర్లు. పక్కమేడ కిటికీకి ఎదురుగా పొగ కక్కే గొట్టం మీ వీధిలో ఉంటే ఈ లెక్క మీరే కట్టవచ్చు.

కన్సెంటులో విధించిన గడువుల ప్రకారం గొట్టాల్లోంచి నమూనాలు తీయించి, పరీక్షించి, ఫలితాలు మండలికి పంపాలి. మండలివారు కూడా వచ్చి నమూనాలు తీయవచ్చు. ఎక్కువ కాలుష్యం చేసే 17 రకాల పరిశ్రమలకు మాత్రం ఇది చాలదని 2014 ఫిబ్రవరిలో కేంద్ర మండలి కొత్త ఆదేశం ఇచ్చింది. గొట్టంలోనే యంత్రం అమర్చి, దాని లెక్క ఎప్పటికప్పుడు మండలి కంప్యూటరుకు చేరేలా చూడాలన్నది ఆ ఆదేశం. మందులు, పురుగుమందులు, ఎరువులు, పెట్రో రసాయనాలు, అద్దకం రంగులు ఈ 17లోకి వస్తాయి. వాటిలోకి రాని చిన్న యూనిట్లకు, విడిగా ఆదేశిస్తే తప్ప, అప్పుడప్పుడు తీసే నమూనాలే దిక్కు. నమూనా తీసిన రోజు బాయిలరు బుద్ధిగా మండుతుంది. మిగతా రోజుల సంగతి పక్కింటివాళ్లను అడగాలి.

వీటికంటే నాకు ఎక్కువ పనికొచ్చేదిగా కనిపించేది ఏడాదికి ఒకసారి పంపే లెక్క. పేరు పర్యావరణ వివరణ పత్రం, వాడుకలో ఫారం అయిదు. 1992లో ఈ నిబంధన పెట్టినప్పుడు దీన్ని ఆడిట్ అన్నారు, 1993లో ఆ మాట తీసేసి స్టేట్‌మెంట్ అన్నారు. మార్చడం సబబే. బయటివాళ్లు వచ్చి తనిఖీ చేసి రాసేది కాదిది, కంపెనీ తన నోటితో తాను చెప్పుకునేది. మార్చి 31తో ముగిసిన సంవత్సరానికి ఈ పత్రం సెప్టెంబరు 30 లోగా మండలికి చేరాలి.

ఇందులో కాలుష్యాన్ని రెండు విధాలుగా చెప్పమంటారు. రోజుకు మొత్తం ఎంత బరువు వదిలారన్నది ఒకటి. వదిలిన గాలిలో అది ఎంత చిక్కగా ఉందన్నది రెండోది. రెండూ ఎందుకంటారా? ఒక గొట్టం నుంచి గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి వస్తోంది, మీటరుకు 50 మిల్లీగ్రాముల యాసిడు ఆవిరి ఉంది అనుకోండి. గంటకు అర కిలో, రోజుకు 12 కిలోలు. ఇప్పుడు ఆ కంపెనీవారు ఇంకో ఫ్యాను పెట్టి గాలిని 20,000 ఘనపు మీటర్లు చేశారు. చిక్కదనం 25కు పడిపోయింది, కాగితం మీద సగం తగ్గినట్టే. కాని మన ఊపిరితిత్తుల వైపు వచ్చేది అవే 12 కిలోలు. పాలలో నీళ్లు కలిపితే పాలు ఎక్కువవుతాయా? చిక్కదనం ఒక్కటే చూపించి "హద్దులోనే ఉన్నాం" అనేవారిని బరువు ఎంతో అడగాలి.

అదే పత్రంలో ముడిసరుకు భాగం ఒకటుంది. ఒక్కో టన్ను సరుకుకు ముడిపదార్థం ఎంత వాడారో పోయినేటి అంకె, ఈ ఏటి అంకె పక్కపక్కనే రాయాలి. రసాయన కంపెనీల విషయంలో దొంగ దొరికేది ఇక్కడే. మాటవరసకు ఒక రంగుల కంపెనీ టన్ను సరుకుకు పోయినేడు 300 కిలోల ద్రావకం వాడింది, ఈ ఏడు 340 కిలోలు వాడింది అనుకుందాం. సరుకు మారలేదు. మరి ఆ 40 కిలోలు ఎటు పోయాయి? వ్యర్థంగా డ్రముల్లోకి పోతే ప్రమాదకర వ్యర్థాల భాగంలో కనబడాలి. నీళ్లలో పోతే నీటి లెక్కలో తేలాలి. ఎక్కడా లేకపోతే ఆవిరై గాలిలో కలిసిందన్న మాటే. అది పొగగొట్టం గుండా పోయి ఉండకపోవచ్చు. మూత తీసిన డ్రము, కారే గాస్కెట్టు, ట్యాంకు నెత్తిన ఉండే గాలిరంధ్రం, వీటికి కొలిచే యంత్రాలు లేవు. గొట్టానికి దొరకనిది కొనుగోలు పుస్తకంలో దొరుకుతుంది.

కొలత ఎక్కడ తీశారన్నది కూడా చూడాలి. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం దగ్గర ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి పన్నెండుమంది ప్రాణాలు తీసింది. లాక్‌డౌన్ రోజుల్లో కదలకుండా నిలవ ఉన్న స్టైరీన్ ట్యాంకులోనే వేడెక్కింది. ఉష్ణోగ్రత కొలిచే పరికరం అడుగున ఉంది, పైపొరల వేడి దానికి తెలియలేదు. రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ ఈ సంగతి చెప్పింది, సైరను మోగించలేదనీ చెప్పింది. రోజూ రికార్డులో ఒక అంకె పడుతూనే ఉంది. కాని అది ట్యాంకు అడుగుది మాత్రమే.

ప్రమాదాల విషయంలో చట్టం చాలా స్పష్టం. వాయు చట్టం 23వ సెక్షన్ ప్రకారం హద్దు మించి వాయువు విడుదలైతే సరే, అలా జరగవచ్చని అనుమానం వచ్చినా సరే, బాధ్యుడు వెంటనే మండలికి చెప్పాలి. అనుమానం వచ్చినా అన్న మాట గుర్తుపెట్టుకోండి, "ఇంకా ఏమీ కాలేదుగా" అని ఊరుకోవడానికి వీల్లేదు. భోపాల్ 1984లో జరిగింది, 1989లో ప్రమాదకర రసాయనాల నిబంధనలు వచ్చాయి. వాటి ప్రకారం పెద్ద ప్రమాదాన్ని 48 గంటల్లో తెలియజేయాలి. అమ్మోనియా 60 టన్నులు, క్లోరిన్ 10 టన్నులు, అంతకు మించి నిలవ ఉంచేవాళ్లయితే చుట్టుపక్కలవాళ్లకు ప్రమాదం ఎలాంటిదో, వస్తే ఏం చేయాలో ముందే చెప్పి ఉంచాలి. మీ వీధికి అలా ఎవరైనా వచ్చి చెప్పారా?

మన దగ్గరి ఉదాహరణ ఎన్నూరు. 2023 డిసెంబరు 26 రాత్రి కోరమాండల్ ఇంటర్నేషనల్ ఎరువుల ఫ్యాక్టరీకి సముద్రం మీదుగా వచ్చే గొట్టం నుంచి అమ్మోనియా లీకయింది. పెరియకుప్పం చుట్టుపక్కల జాలర్ల కుటుంబాలు నిద్రలోంచి లేచి, పిల్లల్ని ఎత్తుకుని రోడ్డు మీదికి పరుగెత్తాయి. పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. ఫ్యాక్టరీ గేటు దగ్గర గాలిలో ఘనపు మీటరుకు 2,090 మైక్రోగ్రాముల అమ్మోనియా ఉందని తమిళనాడు మండలి ప్రకటించింది. జాతీయ ప్రమాణం 400. అయితే ఆ 400 ఒక పగలూ ఒక రాత్రీ మొత్తానికి సగటు. అర్ధరాత్రి ఆ క్షణాన ఆ ఇళ్లలో ఎంత ఉందో చెప్పే అంకె కాదది.

భోపాల్ తర్వాత అమెరికా ఇంకో దారి పట్టింది. 1986లో చేసిన చట్టం ప్రకారం అక్కడి ఫ్యాక్టరీలు ఏ విషరసాయనం ఏటా ఎంత వదిలాయో పేరుపేరునా చెప్పాలి, సర్కారు దాన్ని అందరూ చూసేలా అచ్చువేయాలి. మన దేశంలో చచ్చినవాళ్లను చూసి వాళ్లు ఆ పని చేశారు. మన దగ్గర రసాయనం వారీగా అలాంటి బహిరంగ పట్టిక ఈనాటికీ లేదు. కంపెనీ రాస్తుంది, మండలి అందుకుంటుంది, ఫైలు బీరువాలోకి పోతుంది. శిక్షల సంగతి చూస్తే, 2023లో చేసిన జన విశ్వాస్ చట్టం జైలుకు బదులు చాలా తప్పులకు 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా పెట్టింది, 2024 ఏప్రిల్ నుంచి అది అమలులో ఉంది. దీనివల్ల కేసులు త్వరగా తేలతాయన్నవారున్నారు. పెద్ద కంపెనీకి పదిహేను లక్షలు ఒక లెక్కా అన్నది నా సందేహం.

బీరువా తెరిపించే దారి మాత్రం ఉంది. వాయు చట్టం 51వ సెక్షన్ ప్రకారం కన్సెంటు పొందినవాళ్ల రిజిస్టరు మండలి దగ్గర ఉండాలి. ఆ గాలి వల్ల ఇబ్బంది పడేవారెవరైనా ఆఫీసు వేళల్లో వెళ్లి దాన్ని చూడవచ్చు. అంబత్తూరులో తమిళనాడు మండలికి జిల్లా కార్యాలయం ఉంది. ఇక 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు కాగితాలు అడగండి: ఫలానా కంపెనీ కన్సెంటు ఉత్తర్వు, గడిచిన ఏడాది నమూనాల ఫలితాలు, వరుసగా మూడేళ్ల ఫారం అయిదులు. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ముడిసరుకు వివరాలు వ్యాపార రహస్యమని కాదనవచ్చు, అప్పుడు ప్రజల ఆరోగ్యం పేరు చెప్పి అప్పీలు చేయండి.

సరిహద్దువాళ్లకు ఇక్కడ రెండు చిక్కులు. మొదటిది భాష. తమిళనాడు ఆఫీసుకు అర్జీ తమిళంలోనో, ఇంగ్లీషులోనో పెట్టాలి, హిందీకీ అడ్డు లేదు. తెలుగు మాత్రమే వచ్చినవాళ్లు దిగులు పడనక్కర్లేదు. రాయలేనివారు నోటితో చెబితే రాసుకోవడంలో అక్కడి సమాచార అధికారి సాయపడాలని ఆ చట్టంలోనే ఉంది. రెండోది హద్దు. గుమ్మిడిపూండి పొగ తడకు రావచ్చు, తడ పొగ ఆరంబాక్కం పోవచ్చు, గాలికి చెక్‌పోస్టు లేదు. మీ ఇల్లు ఏ రాష్ట్రంలో ఉన్నా, ఫ్యాక్టరీ ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్ర మండలికే రాయాలి. అక్కడా పని కాకపోతే చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి రెండు రాష్ట్రాల వ్యవహారాలూ వింటుంది.

అర్జీలో "భరించలేని వాసన" అని మాత్రం రాయకండి. తేదీ, గంట, గాలి ఏ వైపు నుంచి వీస్తోంది, ఘాటా, తీపి వాసనా, కుళ్లిన గుడ్ల కంపా, కళ్లు మండాయా, ఎంతసేపుంది, ఇవి రాయండి. నెలరోజులు ఒక నోటుబుక్కులో ఇలా రాసి, మండలి ఇచ్చిన నమూనా తేదీలను దాని పక్కన పెట్టి చూడండి. మీకు వాసన వచ్చిన రోజుల్లో ఒక్కరోజైనా నమూనా తీశారో లేదో అప్పుడు తెలుస్తుంది.